లేకాక్ అబ్బీ: కింద మఠం, పైన ఇల్లు

ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కదా. ఇంగ్లండులో విల్ట్‌షర్ జిల్లాలోని లేకాక్ అబ్బీ చూసొచ్చారు. పేరేమో అబ్బీ, అంటే క్రైస్తవ మఠం, లోపలికి వెళ్తే సోఫాలూ పుస్తకాల బీరువాలూ ఉన్న దొరల ఇల్లు, చర్చి మాత్రం ఎక్కడా కనబడలేదు. ఇందులో నిజంగా 13వ శతాబ్దానిది ఏది, పాతదానిలా కనబడేట్టు తర్వాత కట్టింది ఏది, అసలు మఠాన్ని ఇల్లుగా మార్చుకోవడం ఇంగ్లండులో మామూలేనా అని అడిగారు.

నేను పాత రాతి కట్టడాల మరమ్మతు పనుల్లో చాలా ఏళ్లుగా ఉన్నాను, అదీ ఎక్కువగా ఇంగ్లండు నైరుతి జిల్లాల్లోనే. లేకాక్ నాకు బాగా ఇష్టమైన కట్టడం. ఒక్క మాటలో జవాబు కావాలంటే ఇదిగో: లేకాక్‌లో కింది అంతస్తు సన్యాసినులది, పై అంతస్తు జమీందారులది. ఇది గుర్తు పెట్టుకుని మళ్లీ వెళ్తే మీకు సగం విషయం గైడ్ లేకుండానే తెలిసిపోతుంది. మిగతా సగం కోసం కొంచెం వివరంగా చెప్పాలి.

ఈ మఠం కట్టించింది ఈలా అనే ఆవిడ, సాలిస్‌బరీ కౌంటెస్, అంటే ఆ హోదా ఆవిడకి భర్త వల్ల వచ్చింది కాదు, తండ్రి నుంచి తనకే సంక్రమించింది. భర్త విలియం లాంగెస్పీ రాజు రెండో హెన్రీకి పెళ్లి కాని సంబంధంలో పుట్టిన కొడుకు, అంటే జాన్ రాజుకి సవతి సోదరుడు. రాజు అధికారాలకి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పందం మాగ్నా కార్టాలో రాజుకి సలహాదారులుగా రాసిన పేర్లలో అతని పేరూ ఉంది. 1226లో అతను చనిపోయాడు. ఆ కాలంలో అంత ఆస్తి ఉన్న విధవరాలిని ఊరికే ఉండనిచ్చేవాళ్లు కాదు, మళ్లీ పెళ్లి చేసేసి ఆ భూములు ఎవరో ఒకరి చేతిలో పెట్టాలని చూసేవాళ్లు. ఈలా మళ్లీ పెళ్లి చేసుకోలేదు. విల్ట్‌షర్‌కి షరీఫ్‌గా, అంటే జిల్లాలో రాజు తరఫు అధికారిగా పనిచేసింది, ఒక ఆడమనిషి ఆ పదవిలో ఉండడం అప్పట్లో చాలా అరుదు. 1232 ఏప్రిల్ 16న ఒకే రోజున రెండు మఠాలకి పునాది వేసిందని చెప్తారు, పొద్దున ఏవన్ నది పక్కన లేకాక్‌లో సన్యాసినులకి, మధ్యాహ్నం హింటన్‌లో కార్తూసియన్ అనే శాఖ సన్యాసులకి. మధ్యలో దూరం చూస్తే ఆ రోజు గుర్రం మీద బాగానే తిరిగి ఉంటుంది. తర్వాత తనే లేకాక్‌లో సన్యాసం తీసుకుని, మఠాధ్యక్షురాలై, 1257 దాకా ఆ బాధ్యత చూసి, 1261లో అక్కడే కన్నుమూసింది. ఆవిడ పేరున్న సమాధి రాయి ఇప్పుడు క్లాయిస్టర్‌లో ఉంది. మొదట చర్చిలో ఉండేది, చర్చి పోయాక ఇటు తెచ్చారు.

ఇప్పుడు కట్టడం సంగతి. మఠం ప్లాన్ చాలా సులువు. మధ్యలో చదరంగా పచ్చిక, దాని చుట్టూ కప్పున్న నడవా, ఆ నడవానే క్లాయిస్టర్ అంటారు. మండువా లోగిలి చూసినవాళ్లకి ఈ అమరిక వెంటనే తలకెక్కుతుంది. నడవా వెనక ఒకవైపు చర్చి, మిగతా మూడు వైపులా గదుల వరసలు. తూర్పు వరసలో కింద పూజాసామగ్రి గది, రోజూ అందరూ కూర్చుని మఠం వ్యవహారాలు మాట్లాడుకునే చాప్టర్ హౌస్, చలి కాచుకునే గది, వాటిపైన అందరూ పడుకునే పెద్ద హాలు. ఉత్తరం వరసలో పై అంతస్తులో భోజనశాల. పడమట అధ్యక్షురాలి నివాసం, అతిథులు వచ్చే భాగం. మామూలుగా ఇంగ్లండు మఠాల్లో చర్చి ఉత్తరాన ఉండి క్లాయిస్టర్ దానికి దక్షిణంగా వస్తుంది, ఎండ తగలాలి కాబట్టి. లేకాక్‌లో ఇది తిరగబడి, చర్చి దక్షిణాన, క్లాయిస్టర్ ఉత్తరాన ఉన్నాయి. ఆడవాళ్ల మఠాల్లో ఇలా ఉత్తరాన ఉండడం మరీ వింత కాదు, ఇంకొన్నిచోట్ల కూడా కనబడుతుంది. ఈ ఒక్క సంగతి తర్వాతి ఆరు వందల ఏళ్ల కథని ఎలా మలుపు తిప్పిందో కింద చెప్తాను, అందుకే దీన్ని గట్టిగా పట్టుకోండి.

రాయి దగ్గర్లోదే, బాక్స్ ఊరి పక్కనున్న హేజల్‌బరీ గనిది. తేనె రంగు సున్నపురాయి, తవ్వినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలాక గట్టిపడుతుంది, అందుకే చెక్కడానికి అంత బాగా లొంగుతుంది. కలపకి మూడో హెన్రీ రాజు తన అడవుల నుంచి ఓక్ చెట్లు ఇచ్చాడు. చర్చికి పక్క నడవలు లేవు, ఒకే పొడవాటి సాదా హాలు, 14వ శతాబ్దంలో దానికి దక్షిణం వైపు మేరీమాత చాపెల్ (చిన్న ప్రార్థనాలయం) ఒకటి చేర్చారు. మీరు క్లాయిస్టర్‌లో తలెత్తి చూసిన రాతి కప్పు మాత్రం ఈలా కాలంది కాదు, 15వ శతాబ్దంలో మార్చి కట్టింది. ఆ కప్పులో పక్కటెముకల్లాంటి రాతి దూలాలు కలిసే చోట చిన్న చిన్న బొమ్మలు చెక్కారు, దేవదూతలు, జంతువులు, మనుషుల మొహాలు. చాలామంది వాటిని చూడకుండానే ఫొటో తీసుకుని వెళ్లిపోతారు, నాకు అది కష్టంగా ఉంటుంది. మెడ నొప్పి పుట్టినా పర్లేదు, ఒక్కో బొమ్మ దగ్గరా ఆగండి. అంటే మఠం భాగంలోనే రెండు కాలాలున్నాయి. చాప్టర్ హౌస్ లాంటి గదులూ మందపాటి గోడలూ 13వ శతాబ్దానివి, వాటి ముందున్న నడవా కప్పు దాదాపు రెండు వందల ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. చలి కాచుకునే గదిలో ఉన్న పెద్ద లోహపు గంగాళం ఇంకా తర్వాతది, 1500లో ఇప్పటి బెల్జియంలోని మెకెలెన్‌లో పోతపోసింది, చేసినవాడి పేరూ సంవత్సరమూ దాని మీదే ఉన్నాయి.

ఇక 1539. ఎనిమిదో హెన్రీ రాజు రోమ్‌లోని పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాక 1536 నుంచి 1540 లోపల ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 800 మఠాలు మూతపడ్డాయి. మొదటి చట్టం ఏడాదికి 200 పౌండ్ల కంటే తక్కువ రాబడి ఉన్న చిన్న మఠాల మీద పడింది, లేకాక్ అందులోకే వచ్చింది. సన్యాసినులు 300 పౌండ్లు కట్టి కొనసాగడానికి అనుమతి తెచ్చుకున్నారు. అప్పటికి లోపల ఉన్నది ఇరవై మంది లోపే. అంతకు ముందు తనిఖీకి వచ్చిన రాజోద్యోగికి వీళ్లలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, పైగా పాత ఫ్రెంచిలో రాసుకున్న తమ నియమావళిని వీళ్లు చక్కగా చదివి అర్థం చేసుకుంటారని మెచ్చుకుంటూ రాశాడు. అయినా ఆ డబ్బు కొనిపెట్టింది రెండేళ్లే. 1539 జనవరి 21న ఆఖరి అధ్యక్షురాలు జోన్ టెమ్స్ మఠాన్ని అప్పగించేసింది, ఆవిడకి ఏడాదికి 40 పౌండ్ల పింఛను ఇచ్చారు. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. మూడు వందల ఏళ్లుగా నడిచిన ఇల్లు, ఎవరికీ హాని చేయని మనుషులు, ఒక సంతకంతో అయిపోయింది.

కొన్నది విలియం షారింగ్‌టన్, 783 పౌండ్లకి. ఇతని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇప్పుడు మీరు చూసే ఇంటికి ఆకారం ఇచ్చింది ఇతనే.

మఠాన్ని కొన్నవాడి ముందు ఉన్న మొదటి ప్రశ్న చర్చిని ఏం చేయాలన్నది. మఠాల పైకప్పు మీది సీసం, గంటలు రాజుగారి లెక్కలోకి పోయేవి, సీసం పీకేశాక చర్చి వానకి తడిసే గోడలే కదా. పైగా చర్చి నిలబడి ఉంటే రేపు కాలం మారి సన్యాసులు తిరిగి వస్తారేమోనన్న భయం కొన్నవాళ్లకి ఉండేది. దీనికి ఒక్కో యజమాని ఒక్కో దారి పట్టాడు. హాంప్‌షర్‌లోని టిచ్‌ఫీల్డ్‌లో రయత్స్‌లీ చర్చి మధ్యభాగాన్నే అడ్డంగా కోసి నాలుగు బురుజుల సింహద్వారం చేశాడు. అదే జిల్లాలో మాటిస్‌ఫాంట్‌లో లార్డ్ శాండ్స్ చర్చి పొడవాటి హాలునే తన ఇంటి ముఖ్యభాగం చేసుకున్నాడు. డెవన్‌లోని బక్లండ్ అబ్బీలో గ్రెన్విల్ కుటుంబం చర్చి లోపల అంతస్తులు వేసి గదులు చేశారు, తర్వాత 1581లో ఫ్రాన్సిస్ డ్రేక్ కొన్నది ఆ ఇంటినే, ఇప్పటికీ బయట నిలబడి చూస్తే కూల్చేసిన పక్కభాగం కప్పు గుర్తు గోడ మీద కనబడుతుంది. కాబట్టి మీ ఆఖరి ప్రశ్నకి జవాబు అవును, ఇది చాలా మామూలు, ఇంగ్లండులో పేరు చివర అబ్బీ అని ఉన్న పెద్ద ఇళ్లలో ఎక్కువ భాగం కథ ఇదే.

షారింగ్‌టన్ మాత్రం దీనికి పూర్తి వ్యతిరేకంగా చేశాడు. చర్చిని మొత్తం కూల్చేసి, మిగతా మఠాన్ని ఉంచుకున్నాడు. చర్చి ఉత్తరం గోడ ఒక్కటి వదిలేశాడు, ఎందుకంటే అది క్లాయిస్టర్‌కి కూడా గోడే, అది తీస్తే నడవా కూలిపోతుంది. ఇప్పుడు మీరు పచ్చికలో నిలబడి దక్షిణం నుంచి ఇంటిని చూస్తున్నారే, మీ ఎదురుగా ఉన్న ఆ పొడవాటి గోడ ఒకప్పటి చర్చి లోపలి గోడ, మీరు నిలబడ్డ పచ్చిక ఒకప్పుడు సన్యాసినులు ప్రార్థన చేసిన నేల. చర్చి ఎక్కడా కనబడలేదని రాశారు కదా, మీరు దాని మధ్యలోనే నడిచి వచ్చారు.

తర్వాత అతను చేసిన పని నా దృష్టిలో చాలా తెలివైనది. సన్యాసినుల పడకహాలు, భోజనశాల రెండూ మొదట్నుంచీ పై అంతస్తులోనే ఉన్నాయి. పెద్దింటి వాళ్లకి కూడా ఆ కాలంలో ముఖ్యమైన గదులు పైనే కావాలి, కింద తేమ, పనివాళ్ల రాకపోకలు, సామాన్లు. అంటే మఠం ప్లానూ జమీందారు అవసరమూ ఒకదానికొకటి సరిపోయాయి. షారింగ్‌టన్ పై అంతస్తుని చుట్టూ కలిపి గ్యాలరీలుగా, గదులుగా మార్చి తను ఉన్నాడు, నడవా నెత్తిన కూడా గ్యాలరీ కట్టాడు. కింద ఉన్న రాతి కప్పుల గదులని ముట్టుకోవాల్సిన అవసరం అతనికి రాలేదు. వాటిని పడగొట్టడం ఖర్చు, ఉంచుకుంటే పైనున్న ఇంటికి గట్టి పునాది. క్లాయిస్టర్ మూడు వైపులు, చాప్టర్ హౌస్, మిగతా కింది గదులు ఇంత చక్కగా మిగలడానికి కారణం భక్తి అనీ పాతదాని మీద ప్రేమ అనీ నేను అనుకోను, అతనికి అవి అడ్డం రాలేదు, పనికొచ్చాయి, అంతే. కట్టడాలు బతికేది ఎక్కువగా ఇలాగే.

అతను కొత్తగా కట్టినవాటిలో రెండింటి దగ్గర ఆగాలి. ఒకటి ఆగ్నేయ మూల ఎనిమిది పలకల టవర్. మధ్య అంతస్తులో విలువైన వస్తువులు దాచుకునే చిన్న గది, పైన ఇంకో చిన్న గది, దానికి ఇంటి లోపల్నుంచి దారి లేదు, పైకప్పు మీద సీసం రేకుల మీదుగా నడిచి వెళ్లాలి. భోజనం అయ్యాక నలుగురు ఆప్తులని తీసుకెళ్లి, ఏవన్ లోయ చూపిస్తూ పళ్లూ తీపి పదార్థాలూ పెట్టడానికి కట్టుకున్న గది అది. రెండింట్లోనూ ఎనిమిది పలకల రాతి బల్లలు ఉన్నాయి, ఒకదాన్ని మోస్తున్నది నెత్తిన పళ్ల బుట్టలు పెట్టుకుని కూర్చున్న సాటిర్లు, అంటే గ్రీకు కథల్లో మేకకాళ్ల మనుషులు. 1550 ప్రాంతంలో విల్ట్‌షర్ పల్లెటూళ్లో ఇటాలియన్ రినెసాన్స్ పద్ధతిలో ఇంత నేర్పుగా చెక్కిన పని కనబడడం ఆశ్చర్యమే. జాన్ చాప్‌మన్ అనే శిల్పి చేసి ఉంటాడని నిపుణుల అంచనా, అతను రాజు దగ్గర కూడా పనిచేసినవాడు. షారింగ్‌టన్ కుటుంబ చిహ్నం తేలు, అది కూడా అక్కడ చెక్కి ఉంటుంది, వెతకండి. ఇతని అభిరుచికి అప్పట్లో ఎంత విలువ ఉండేదంటే, దగ్గర్లోనే లాంగ్‌లీట్ అనే పెద్ద భవనం కట్టుకుంటున్న జాన్ థిన్ ఇతనితో ఉత్తరాలు నడిపాడు, అదీ మళ్లీ పాత మఠం స్థలమే, 53 పౌండ్లకి కొన్నది.

రెండోది ఉత్తరం వైపు పనివాళ్ల ఆవరణ, గుర్రపుశాల, బీరు కాచే ఇల్లు. సందర్శకులు దీన్ని వాకిలి అనుకుని దాటేస్తారు. ట్యూడర్ రాజుల కాలపు (16వ శతాబ్దపు) బీరు కాచే ఇల్లు, మరిగించిన ద్రవం చల్లార్చే సీసపు తొట్టితో సహా నిలబడి ఉండడం ఇంగ్లండు మొత్తంలోనే చాలా అరుదు. పెద్ద పెద్ద వాళ్ల పడకగదులు ఎక్కడైనా దొరుకుతాయి కానీ రోజూ ఇంటిల్లిపాదికీ తాగడానికి బీరు తయారైన చోటు దొరకదు.

అతనికి ఇంత డబ్బు ఎక్కడిది అంటారా, అదీ రికార్డులో ఉంది. 1546లో బ్రిస్టల్ టంకశాలకి అధికారి అయ్యాడు. నాణేల్లో వెండి తగ్గించి కొట్టి, అంచుల తరుగు మిగుల్చుకుని, లెక్కల పుస్తకాలు మాయం చేసి చాలా తిన్నాడు. ఆ డబ్బుని బాల రాజు ఆరో ఎడ్వర్డ్ మేనమామ థామస్ సీమోర్ కుట్రకి ఇస్తానని మాట ఇచ్చాడు. 1549 జనవరిలో పట్టుబడ్డాడు. సీమోర్ తల మార్చిలో తెగింది, షారింగ్‌టన్ నేరం ఒప్పుకుని, సీమోర్ మీద సాక్ష్యం చెప్పి, క్షమాపణ సంపాదించి, జప్తయిన తన ఆస్తుల్ని 12,000 పౌండ్లకు పైగా కట్టి తిరిగి కొనుక్కున్నాడు. 1552కల్లా అదే జిల్లాకి షరీఫ్. మరుసటి ఏడు పోయాడు. పిల్లల్లేరు, తమ్ముడు హెన్రీకి వచ్చింది, హెన్రీ కూతురు ఆలివ్, జాన్ టాల్బట్ అనే అతన్ని పెళ్లి చేసుకుంది, అక్కణ్ణుంచి ఇల్లు టాల్బట్ వంశానిది. ఆలివ్ తండ్రి వద్దన్నవాడి కోసం గోడ మీంచి దూకిందని ఊళ్లో కథ ఉంది, అది కథగానే వినండి. అంతర్యుద్ధంలో రాజు పక్షం సైన్యం ఇక్కడ దిగింది, 1645లో పార్లమెంటు వాళ్లకి లొంగిపోయింది, కట్టడానికి పెద్దగా ఏమీ కాలేదు.

ఇప్పుడు మీకు బాగా కన్‌ఫ్యూజన్ తెచ్చిన గది, ఎత్తైన మెట్లెక్కి వెళ్లే పడమటి పెద్ద హాలు. మొనదేలిన ఆర్చీలు, గోడ గూళ్లలో బొమ్మలు, పైన రంగుల కులచిహ్నాలు, చూడగానే ఇదే అసలు మధ్యయుగపు మఠం అనిపిస్తుంది. ఇంట్లో అన్నిటికంటే మఠంలా కనబడే ఈ గది 1750లలోది. జాన్ ఐవరీ టాల్బట్ అనే యజమాని శాండర్సన్ మిల్లర్ అనే పెద్దమనిషి చేత ప్లాన్ వేయించి, అక్కడున్న పాత హాలు తీసేసి 1755లో ఇది పూర్తి చేశాడు. మిల్లర్ వృత్తిరీత్యా ఆర్కిటెక్ట్ కాదు, తన ఎస్టేటు చూసుకుంటూ స్నేహితులకి గోతిక్ పద్ధతిలో, అంటే మొనదేలిన ఆర్చీల మధ్యయుగపు శైలిలో గీసి ఇచ్చేవాడు. గూళ్లలో ఉన్న మట్టి బొమ్మలు, కాల్చిన ఎర్రమట్టివి, విక్టర్ అలెగ్జాండర్ సెడర్‌బాక్ అనే ఆస్ట్రియా శిల్పి చేశాడు. కప్పు మీద ఉన్నవి యజమాని స్నేహితుల, చుట్టాల చిహ్నాలు.

దీన్ని నకలు అని తీసిపారేయడం నాకు ఇష్టం ఉండదు. అప్పటికి ఇంగ్లండు అంతా గ్రీకు రోమన్ స్తంభాల మోజులో ఉంది, గోతిక్ అంటే మొరటు పని అన్న మాట పెద్దల నోట మామూలుగా వినబడేది. ఆ రోజుల్లో ఒక యజమాని తన ఇల్లు ఒకప్పుడు మఠం అన్న సంగతికి సిగ్గుపడకుండా, దాన్ని ముఖద్వారం దగ్గరే అందరికీ కనబడేట్టు చెప్పుకున్నాడు. ఈలా బొమ్మని కూడా ఆ హాల్లో పెట్టించాడు. 19వ శతాబ్దంలో దేశమంతా పాకిన గోతిక్ మోజుకి మొదటి అడుగుల్లో ఇదొకటి. అసలుదీ తర్వాతదీ పోల్చుకోవడానికి చిట్కా చెప్తాను. హాల్లో గోడ మీది అలంకారం ఎక్కువ భాగం సున్నపు పూత పని, సన్నగా, నాజూగ్గా, బరువు మోయకుండా ఉంటుంది. అక్కణ్ణుంచి కిందికి దిగి చాప్టర్ హౌస్‌లోకి వెళ్లి స్తంభం మీద చెయ్యి ఆనించి చూడండి, ఆ రాయి నిజంగా కప్పుని మోస్తోంది. అలంకారమా, బరువు మోసేదా అని ఒక్కసారి అడిగితే చాలు, చాలా గదుల వయసు తేలిపోతుంది.

ఆ తర్వాతి పెద్ద మార్పు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్‌ది, ఫొటోగ్రఫీ కనిపెట్టినవాళ్లలో ఒకడు. అతను 1800లో పుట్టిన కొద్ది నెలలకే తండ్రి అప్పులు వదిలి చనిపోయాడు, ఇల్లు అద్దెకిచ్చి తల్లి అప్పులు తీర్చింది, 1827లో గానీ అతను ఇక్కడికి వచ్చి ఉండలేకపోయాడు. రాగానే దక్షిణం గ్యాలరీని బాగుచేయించి, ఆ పాత చర్చి గోడకి పై అంతస్తులో మూడు ఓరియల్ కిటికీలు పెట్టించాడు, ఓరియల్ అంటే గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చి కింద ఆధారం లేకుండా నిలిచే కిటికీ. 1835 ఆగస్టులో ఆ మధ్య కిటికీకి ఎదురుగా, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన ఒక చెక్క కెమెరా పెట్టి, ఉప్పూ వెండి ఉప్పూ పూసిన కాగితం మీద ఆ కిటికీ రూపం పట్టాడు. ఇంట్లో అక్కడక్కడా పడి ఉండే ఆ చిన్న పెట్టెల్ని భార్య కాన్‌స్టన్స్ ఎలుకబోనులు అనేది. తపాలా బిళ్ల అంత ఉన్న ఆ నెగటివ్ ఇవాళ మిగిలినవాటిలో ప్రపంచంలోనే అతి పాతది, బ్రాడ్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది. తీసినప్పుడు భూతద్దంతో చూస్తే సుమారు 200 గాజు పలకలు లెక్కపెట్టగలిగేట్టు ఉండేదని దాని పక్కన తనే రాసిపెట్టాడు.

ఇక్కడే నేను పైన పట్టుకోమన్న సంగతి. ఆ కాగితాలకి చాలా వెలుతురు కావాలి, చాలాసేపు కావాలి. దక్షిణం నుంచి అడ్డు లేకుండా ఎండ పడే గోడ ఈ ఇంటికి ఎలా వచ్చింది? చర్చి దక్షిణాన ఉండి, షారింగ్‌టన్ దాన్ని కూల్చేసి, దాని ఉత్తరం గోడని ఇంటి ముఖంగా మార్చినందువల్ల. మామూలు మఠాల్లోలా చర్చి ఉత్తరాన ఉండి ఉంటే, లేదా షారింగ్‌టన్ దాన్ని ఉంచుకుని ఉంటే, ఆ కిటికీ ఆ రూపంలో ఉండేది కాదు. ఫొటోగ్రఫీ ఎలాగూ వచ్చి ఉండేది, ఫ్రాన్సులో డగెర్ విడిగా తన పద్ధతి కనిపెట్టి 1839 జనవరిలో బయటపెట్టాడు కూడా. మనం చూస్తున్న ఈ మొదటి నెగటివ్ మీద ఉన్నది మాత్రం ఆ కూల్చివేత తెచ్చిన వెలుతురు అని నాకు గట్టి నమ్మకం.

టాల్బట్ కొడుకు ఛార్లెస్ పాత కట్టడాల మీద ప్రాణం పెట్టిన మనిషి. ఇతని కాలంలోనే, 1890ల నుంచి, పక్కనే కార్షమ్ ఊరి ఆర్కిటెక్ట్ హెరాల్డ్ బ్రాక్‌స్పియర్ ఇంటి గోడల్ని అంగుళం అంగుళం కొలిచి, పచ్చిక కింద చర్చి పునాదులు వెతికి ప్లాన్ గీశాడు. చర్చి ఎక్కడిదాకా ఉండేదో ఇవాళ ఇంత ధీమాగా చెప్పగలుగుతున్నామంటే ఆ పని వల్లే. ఇప్పటి మరమ్మతుల వాళ్లం కూడా ఆ కొలతల దగ్గరే మొదలుపెడతాం. ఛార్లెస్ తర్వాత 1916లో ఇల్లు అతని మేనకోడలు మటిల్డాకి వచ్చింది. ఆవిడ 1944లో ఇంటినీ ఊరినీ కలిపి పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకి ఇచ్చేసింది. మాగ్నా కార్టాకి 1225లో విల్ట్‌షర్ కోసం పంపిన ప్రతి అన్నాళ్లూ ఈ ఇంట్లోనే ఉండేది, దాన్నీ ఆవిడే జాతికి ఇచ్చింది, అది ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

మళ్లీ వెళ్తే నేను చెప్పే వరసలో చూడండి. టికెట్ తీసుకోగానే ఇంట్లోకి దూరొద్దు, ముందు దక్షిణం పచ్చికలోకి వెళ్లి గోడని దూరం నుంచి చూసి, చర్చిని ఊహించుకోండి. తర్వాత క్లాయిస్టర్, అక్కడ ఈలా రాయి, చాప్టర్ హౌస్, చలి కాచుకునే గది. అప్పుడు ఉత్తరం ఆవరణ, బీరు కాచే ఇల్లు. ఆఖరున పడమటి మెట్లెక్కి పెద్ద హాలు, పై గ్యాలరీలు. ఇలా వెళ్తే కింది నుంచి పైకి కాలం కూడా వరసగా వస్తుంది, 13, 15, 16, 18, 19 శతాబ్దాలు. పై గదులు తెరిచే వేళలు క్లాయిస్టర్ వేళల కంటే తక్కువగా ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైట్ చూసుకోండి, శీతాకాలంలో మరీ ముఖ్యం. గేటు దగ్గర పాత ధాన్యపు కొట్టంలో ఫాక్స్ టాల్బట్ మ్యూజియం ఉంది, కిటికీ చూసొచ్చాక అటు వెళ్తే బాగా అర్థమవుతుంది.

రెండో రోజు ఖాళీ ఉంటే మాటిస్‌ఫాంట్ వెళ్లమంటాను. అక్కడ చర్చే ఇల్లయింది, లేకాక్‌కి సరిగ్గా తిరగబడ్డ కథ. దానిలో 1938-39లో రెక్స్ విస్లర్ అనే చిత్రకారుడు గోతిక్ గది ఒకటి గోడల మీద బొమ్మగా గీశాడు, స్తంభాలూ నీడలూ అన్నీ రంగే. ముందు లేకాక్ హాలు చూసి వెళ్తే ఆ గదిలో మీకు చాలా కనబడుతుంది. ఇంకా ఏదైనా గది గురించి సందేహం ఉంటే ఫొటో పెట్టండి, కిటికీ చట్రం, తలుపు ఆర్చీ దగ్గర్నుంచి కనబడేట్టు తీయండి, వయసు చెప్పడానికి అవే ముఖ్యం.